రట్టు చీటీ

నిఘంటువు ఆఫీసులో అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. అందరికీ అతను బొత్తాలు. అక్కడికి రాకముందు దర్జీ కొట్లో కాజాలు కుట్టి బొత్తాలు వేసేవాడు గనక ఆ పేరు. మొదట్లో ఎగతాళికే అన్నారు. ఇరవై రెండేళ్లు అనేసరికి ఎగతాళి అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది. కొత్తగా వచ్చినవాళ్లు "బొత్తాలుగారూ" అని మర్యాదగా పిలిస్తే అతను మామూలుగానే పలికేవాడు. నవ్వు ఆపుకోలేక చచ్చేది పిలిచినవాళ్లే.

చదువు ఐదో తరగతితో ఆగింది. చదవడం మాత్రం ఆగలేదు. కుట్టిన బట్టలు చుట్టి ఇవ్వడానికి దర్జీ కొట్టుకి పాత కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. పత్రికలు, కోర్టు కాగితాలు, అట్టలూడిన నవలలు. బట్ట చుట్టేముందు ప్రతి కాగితాన్నీ రెండువైపులా చదివేవాడు. కథ సగంలో ఆగిపోతే, తక్కిన సగం ఎవరి చొక్కా వెంట వెళ్లిపోయిందోనని ఆ పూటంతా దిగులు. "నువ్వు బట్ట చుడుతున్నావా, పరీక్ష రాస్తున్నావా?" అని యజమాని కత్తెర ఝళిపించేవాడు.

అలాంటి రోజుల్లోనే ఒక పెద్దమనిషి కోటు బొత్తాం ఊడిందని వచ్చాడు. బొత్తాలు సూదిలో దారం ఎక్కిస్తుంటే బల్ల మీదికి వంగి చూశాడు.

"ఈ కంతనేమంటారయ్యా?"

"కాజా అండి."

"దాని కుట్టు ఊడిపోయి పెద్దదైతే?"

"మా కొట్లో అయితే కాజా నోరు తెరిచిందంటామండి."

పెద్దమనిషి కళ్లు మెరిశాయి. జేబులోంచి అరచేతిలో పట్టే అట్టముక్క తీసి, ఆకుపచ్చ సిరా కలంతో ఏదో రాసుకున్నాడు. "నీ మాట రాసుకున్నాను. ఎవరన్నారో, ఎక్కడన్నారో, ఏ తేదీన అన్నారో కూడా రాశాను. ఇది పుస్తకంలోకి వెళ్తుంది."

ఆ రాత బొత్తాలుకు అన్నం సహించనివ్వలేదు. తన నోట్లోంచి వచ్చిన మాట, అదీ ఒక కంత గురించి అన్న మాట, పుస్తకంలోకి వెళ్లడం! నెల తిరక్కుండానే ఆ పెద్దమనిషి కబురు పెట్టి, నిఘంటువు ఆఫీసులో చీటీల గదికి గుమాస్తాగా వేసుకున్నాడు. ఆయనే ప్రధాన సంపాదకుడు. ఆఫీసంతా ఆయన్ని పెద్దాయన అనేది. బొత్తాలు ఒక్కడే గురువుగారు అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా తెలియకుండానే కొంచెం వంగేవాడు కూడా.

కింద సైకిళ్ల కొట్టు, పైన నిఘంటువు. మూడు గదులు. ముందు గది పెద్దాయనది. పక్కది ప్రూఫులు దిద్దే ఆయనది. వెనక గది చీటీలది. ఆ గదికి గోడలు ఉన్నాయని చెప్పడం కష్టం, నేల నుంచి కప్పు దాకా చెక్క సొరుగులే. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చీటీ. పైన కుడి మూల మాట, దాని కింద అర్థం, ఆ కింద పుట్టుక, ఆ తర్వాత ఎవరు ఎక్కడ వాడారో ఆ వాక్యం. పుస్తకంలో దొరికితే పుస్తకం పేరు, నోటి మాటైతే అన్నవాళ్లెవరు, ఎప్పుడన్నారు, విన్నవాళ్లెవరు. అన్నిటికంటే కింద, ఎడమ మూల, చీటీ రాసినవాడి గుర్తు. బొత్తాలు గుర్తు సున్నాలో "బొ". అచ్చులో నోటిమాటల కింద "వాడుక" అని మాత్రమే పడుతుంది, పేర్లు పడవు. పేర్లు సొరుగులోనే ఉంటాయి. కావలసినవాడు వచ్చి చూసుకోవాలి.

ఇంకో నియమం ఉంది. చీటీ మీద సిరా ఒలికినా, దిద్దుబాట్లు ఎక్కువైనా, దాన్ని కొత్త అట్ట మీద శుభ్రంగా సాపు రాయాలి. సాపు రాసినవాడు తన గుర్తే పెట్టాలి. పాతది చించెయ్యాలి. రెండు చీటీలుంటే రెండు నిజాలవుతాయని పెద్దాయన అనేవాడు.

రాయడానికి బొత్తాలుకు పేచీ లేదు. చించడమే చేతకాలేదు. మంచి మందపాటి అట్టలు. దర్జీ కొట్లో పేలిక కూడా పారెయ్యని చేతులవి. పాత చీటీల్ని జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవాడు. ఇంట్లో భార్య మిషను కుట్టేది. వాటికి రెండు కొసల్లో చిన్న గాటు పెట్టి, మిగిలిపోయిన దారాలు చుట్టుకునేది. "మీ ఆఫీసు నా దారాలకు పనికొచ్చినంత మీకు పనికిరాలేదు" అని దెప్పేది. పనికొచ్చిందనే అనుకునేవాడు అతను. ఒక్కొక్క సంపుటం వచ్చినప్పుడు చివరి పేజీలో శ్రమించినవారి జాబితా ఉంటుంది. ఐదు సంపుటాల్లోనూ చివరి వరసలో అతని అసలు పేరు, పక్కన సున్నాలో బొ. ఆ ఐదు పేజీల దగ్గరా దారపు పోగు పెట్టుకున్నాడు. ఎవరైనా ఇంటికొస్తే పుస్తకం దానంతటదే అక్కడ తెరుచుకునేది.

ఆరో సంపుటంలో ర అక్షరం వచ్చింది. రజ్జువుకూ రణానికీ మధ్య రట్టు.

చెడ్డపేరుకు మనకు మాటల కరువు లేదు. అపకీర్తి ఉంది. దాని లోపలున్న కీర్తి అనేది పేరెత్తి చెప్పడం దగ్గర మొదలైన మాట. అపఖ్యాతి ఉంది. అందులో ఉన్న ఖ్యా కూడా చెప్పడమే. అపవాదు ఉంది. అదీ మాట్లాడటంలోంచి పుట్టిందే. ఈ మూడు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని బొత్తాలు ఒక మధ్యాహ్నమంతా చూశాడు. మూడింటిలోనూ "అన్నారు" ఉంది గాని "చేశాడు" లేదు. మనిషి ఏం చేశాడన్నది ఆ మాటలకు అక్కర్లేదు. పదిమంది అనుకుంటే చాలు. వింత అనిపించి ప్రూఫులాయనకు చెప్పాడు.

ప్రూఫులాయనకూ అతనికీ చుట్టరికం లేదు. పదిహేనేళ్లుగా ఒకే కెటిల్లో టీ తాగడం వల్ల బావా అంటే బావా అనుకునేవాళ్లు.

"అందుకే బావా, ఎవరి నోట్లోనూ పడకుండా నా పాటికి నేను కామాలు దిద్దుకుంటున్నా" అన్నాడు ప్రూఫులాయన.

రట్టు దగ్గరికొచ్చేసరికి ఆ పప్పులు ఉడకలేదు. అది ఇంటి మాట. గోల అనీ, నింద అనీ, గుట్టు బయటపడటమనీ అర్థాలు దొరికాయి. వాక్యాలూ దొరికాయి. పుట్టుక దగ్గర మాత్రం చీకటి. విడదీద్దామంటే ముక్కలు కాదు. బొత్తాలు మూడు వారాలు వెతికి, పుట్టుక అన్న చోట "తెలియదు" అని రాసి ముందు గదిలో పెట్టాడు.

పెద్దాయనకు తెలియదన్న మాట గిట్టదు. మాటల పుట్టుకలు చెప్పడంలోనే ఆయనకు పేరొచ్చింది. సభల్లో జనం మాటలు అందించడం, ఆయన వాటి తాతముత్తాతల్ని చెప్పడం, చప్పట్లు. మర్నాడు తన చీటీ ఒకటి తెచ్చి బల్లమీద పడేశాడు. ఆకుపచ్చ సిరా, కొట్టివేతలు, ట అక్షరానికి ఆయనకే సొంతమైన పొడవాటి తోక. రట్టు అంటే ఒకప్పుడు చెక్క పలక అనీ, తప్పు చేసినవాణ్ణి వీధిలో నడిపిస్తూ ముందు దాన్ని వాయించేవారనీ, ఆ చప్పుడు పేరే చెడ్డపేరుకు పేరైందనీ ఉంది. కింద రెండు పంక్తుల పద్యం. ఆధారం: పాత రాతప్రతి, సొంత సేకరణ.

బొత్తాలు చదివి ముచ్చటపడ్డాడు. అలవాటు కొద్దీ అడిగాడు: "గురువుగారూ, ఈ రాతప్రతి పేజీ అంకె వేయలేదండి."

"నా దగ్గరుంది. తర్వాత చూసి చెప్తా. ముందు సాపు రాయి. నా దస్తూరీ అచ్చుకూర్చేవాళ్లకు కొరుకుడు పడదు."

రాశాడు. ముత్యాల్లా రాశాడు. కింద సున్నాలో బొ పెట్టాడు. పాత చీటీ జేబులో వేసుకున్నాడు.

ఆరో సంపుటం వచ్చాక ఆ పలక కథ బాగా తిరిగింది. పత్రికల్లో రాశారు, పిల్లల పాఠంలో పెట్టారు. అంతా బాగానే ఉండేది, ఎక్కడో ఒక బడిపంతులుకు ఆ రాతప్రతి చూడాలని బుద్ధి పుట్టకపోతే. ఒక ఉత్తరం రాశాడు, జవాబు లేదు. ఆరు ఉత్తరాలు రాశాడు. ఏడోది నేరుగా పత్రికకు రాశాడు: ఆ పద్యంలో రెండో పాదంలోని మాట నిన్నమొన్నటిది, పాత రాతప్రతిలో ఉండే వీలే లేదు, ఇది ఎవరో కూర్చుని అల్లిన పద్యం.

పెద్దాయన జవాబు తర్వాతి సంచికలో వచ్చింది. దాన్ని బొత్తాలుకు చూపించింది ప్రూఫులాయనే.

"బావా, కూర్చో."

"కూర్చునే ఉన్నా కదా."

"అయితే ఇంకాస్త గట్టిగా కూర్చో."

బొత్తాలు చదివాడు. "సదరు చీటీపై ఉన్న గుర్తు మా చీటీల గుమాస్తాది. అతను పెద్దగా చదువుకున్నవాడు కాదు. దర్జీ కొట్టులో పనిచేస్తుంటే జాలిపడి చేరదీశాను. మాటలకు పుట్టుకలు కల్పించే ఉబలాటం అతనికి ఉందని ఆలస్యంగా గ్రహించాను. అతన్ని నమ్మడమే నేను చేసిన తప్పు."

మళ్లీ చదివాడు. దొంగ పద్యం సంగతి కన్నా "జాలిపడి" అన్న మాట దగ్గరే చూపు ఆగిపోతోంది. కోటు బొత్తాం కుడుతున్న రోజు ఆయన కళ్లల్లో మెరిసింది జాలా? ఇరవై రెండేళ్లుగా అది ఇంకేదో అనుకుంటూ బతికాడు.

"ఇది పొరపాటున రాసి ఉంటారు బావా. ఎవరో పక్కనుండి రాయించి ఉంటారు."

ప్రూఫులాయన కెటిల్లోంచి టీ పోసి ఇచ్చాడు. "తాగు. చల్లారిపోతుంది."

మర్నాటికి వీధికి పాకింది. పాత దర్జీ యజమాని కొట్టు గుమ్మంలో కూర్చుని, అతను వెళ్తుంటే గొంతెత్తాడు. "ఏంరా, బట్టకు అతుకేసినట్టు మాటకూ అతుకేశావట! చెబితే నేనూ రెండు పద్యాలు కుట్టిచ్చేవాణ్ణి కదా. కొలతలు తీసుకోమంటావా?"

లోపల మిషన్ల మీదున్నవాళ్లు ఘొల్లున నవ్వారు. బొత్తాలు నవ్వబోయాడు. మూతి కదిలింది గాని నవ్వు రాలేదు.

ఇంట్లో భార్య మిషను ఆపి సూటిగా అడిగింది. "మీరు రాయలేదు కదా?"

"రాశాను. కానీ నేను రాయలేదు."

"అదేం మాటండీ, తిన్నాను గాని తినలేదన్నట్టు?"

చీటీ సంగతి, సాపు సంగతి, ఆకుపచ్చ సిరా సంగతి చెప్పాడు. ఆమె అంతా విని, "అయితే ఆ మహానుభావుణ్ణే వెళ్లి అడగండి. మీ గురువుగారేగా" అంది. గురువుగారు అన్న మాటను ఎంత ఒత్తి పలకాలో అంతా పలికింది.

సాయంత్రం వెళ్లాడు. పెద్దాయన వరండాలో భూతద్దంతో ఏదో చదువుకుంటున్నాడు.

"రావయ్యా, వస్తావనుకున్నాను. కూర్చో."

ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరూ అతన్ని కూర్చోమనలేదు. కుర్చీ చూస్తే భయమేసింది. నిలబడే అడిగాడు.

"గురువుగారూ, ఆ చీటీ మీరిచ్చిందే కదండీ."

"అవును. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం గనక అవునంటున్నాను."

"రాతప్రతి ఉందన్నారు."

"ఉంటే బాగుండేది." భూతద్దం పక్కన పెట్టాడు. "నువ్వు తెలియదు అని రాసి నా బల్ల మీద పెట్టావు చూడు, ఆ రాత్రి నాకు కుదురు లేదు. అలాంటి కథ ఉండే ఉంటుంది. ఉండే ఉంటుందని తెలిసినప్పుడు, దొరకలేదని ఊరుకోనా?"

"మరి నా పేరు చెప్పారేంటండీ?"

"చెప్పక? నా పేరు రట్టయితే ఆరు సంపుటాలూ రట్టవుతాయి. నీ పేరుకేముందయ్యా, అదెవరికి తెలుసు గనక?"

కోపంతో అనలేదు. ఒక లెక్క విడమరిచి చెబుతున్నట్టు నెమ్మదిగానే అన్నాడు. తర్వాత బల్ల మీది నుంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. సంజాయిషీ. ఆ పుట్టుకా, పద్యమూ నా కల్పనే, ప్రధాన సంపాదకులకు తెలియదు, క్షమించగలరు. కింద సంతకానికి చోటు.

"సోమవారం పాలకవర్గం కూర్చుంటుంది. సంతకం పెట్టి తెచ్చావంటే నీ ఉద్యోగం నేను చూసుకుంటా. లేదంటే నీ గుర్తున్న చీటీలన్నీ అనుమానం చీటీలే. ఇరవై రెండేళ్లవి. ఆలోచించుకో."

దారి పొడుగునా అదే లెక్క వేసుకున్నాడు. సంతకం పెడితే దొంగ. పెట్టకపోతే ఉద్యోగం లేని దొంగ. తను అబద్ధం రాయలేదని చెప్పగలిగింది లోకంలో ఒక్కటే ఉంది, ఆ ఆకుపచ్చ సిరా చీటీ. అది చించేసి ఉండాలి. నియమం అదే.

గుమ్మంలో కాలు పెట్టాక గాని గుర్తుకురాలేదు, తను ఏ చీటీనీ చించలేదని.

ఆదివారం పొద్దున్నే భార్య దారాల పెట్టె తెచ్చి నేల మీద బోర్లించింది. నూట ఎనభైకి పైగా అట్టలు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, ఎవరెవరివో పెళ్లి బట్టల్లో మిగిలిన జరీ. ఒక్కొక్క అట్టా విప్పడం, రాత చూడటం, పక్కన పెట్టడం. విప్పిన దారం చిక్కుపడకుండా ఆమె తన మోచేతికీ బొటనవేలికీ చుట్టుకుంటోంది.

"ఇరవై ఏళ్ల కష్టం ఒక్క పూటలో విప్పిస్తున్నారు. రేపు జాకెట్లకు దారం మీ పెద్దాయన్నే ఇమ్మనండి."

"ఉండవే. ఇదేదో ల చీటీ. దీని పక్కదే అయ్యుండాలి."

"నా దారాలు మీ అక్షరాల వరసలో చుట్టలేదండీ."

పదకొండు గంటలకు నల్లదారం అట్ట విప్పుతుంటే, సగంలోనే పోగుల సందుల్లోంచి ఆకుపచ్చ గీత కనపడింది. ట తోక. తొందరపడి లాగితే గాటు దగ్గర చిరుగుతుందని ఆమె అతని చేతిలోంచి లాక్కుని తనే మెల్లగా విప్పింది. రట్టు. కొట్టివేతలు, పలక కథ. పద్యంలో మూడుసార్లు మార్చి రాసిన రెండో పాదం. పాత రాతప్రతిలోంచి ఎత్తి రాసుకున్నవాడు పాదాన్ని మూడుసార్లు మార్చుకోడు. ఆ ఒక్క దిద్దుబాటు చాలు.

ఆమె కొంగుతో ఆ అట్ట తుడిచి ఇచ్చింది.

అతను తిన్నగా ప్రూఫులాయన ఇంటికి పరిగెత్తాడు. నిఘంటువులో ఏ తప్పు దొరికినా, ఏ ఒప్పు దొరికినా మొదట ఆయనకే చూపించడం పదిహేనేళ్ల అలవాటు. ఇంకోలా చెయ్యాలని తోచనే లేదు.

ప్రూఫులాయన చీటీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. చాలాసేపు చూశాడు.

"దొరికాడు బావా పెద్దాయన!"

"దొరికాడా?"

"దొరక్కపోతే? ఒక పని చెయ్. ఇది నా దగ్గర ఉంచు. రేపు నువ్వు చూపిస్తే, నువ్వే పచ్చసిరాతో రాసుకొచ్చావంటారు. నేను చూపించాననుకో, సాక్షి ఉన్నట్టు. దస్తూరీ పోల్చడానికి ఆయన పాత ప్రూఫులు కూడా నా దగ్గరే ఉన్నాయి."

ఆ మాట ఎంత సబబుగా ఉందంటే, బొత్తాలుకు కళ్లు చెమర్చాయి. చీటీ ఇచ్చి, టీ తాగి, ఇంటికొచ్చాడు.

"ఏదీ?" అంది భార్య.

"బావ దగ్గర భద్రంగా ఉంది."

ఆమె చుడుతున్న దారం ఆపింది. మళ్లీ చుట్టుకోసాగింది. "అన్నయ్యగారు మంచివారేలెండి" అంది, ఎవరికో నచ్చజెబుతున్నట్టు.

సోమవారం ముందు గదిలో ఐదుగురు సభ్యులు, పెద్దాయన, పక్కన ప్రూఫులాయన. సంజాయిషీ కాగితం ఎక్కడని అడిగారు. బొత్తాలు సంతకం లేని కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఇరవై రెండేళ్లలో మొదటిసారి వంగకుండా మాట్లాడాడు.

"ఆ కల్పన నాది కాదండీ. అసలు చీటీ పెద్దాయన దస్తూరీలో ఉంది. అది మా ప్రూఫులాయన దగ్గరుంది. చూపించు బావా."

ప్రూఫులాయన కళ్లజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.

"ఏ చీటీ సంగతండీ మీరనేది?"

మీరు. పదిహేనేళ్లలో ఆ నోటి నుంచి ఆ మాట రాలేదు. ఆ మర్యాద వినగానే బొత్తాలుకు అంతా తెలిసిపోయింది. ఆ చీటీ ఇప్పుడు ఎక్కడుందో, ఉందో లేదో, నిన్న మధ్యాహ్నం తను టీ తాగి వచ్చాక ఆయన ఎవరింటికి వెళ్లాడో, అన్నీ. అడగడానికి ఏమీ మిగల్లేదు.

"ఉందన్నావు, చూపించు" అన్నాడొక సభ్యుడు.

"ఉండేదండీ."

ఎవరో చిన్నగా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

తీర్పు చెప్పారు. ఆరో సంపుటం మళ్లీ అచ్చుకు వెళ్తోంది గనక, ఆ తప్పు చీటీ తీసేసి సరైనది రాయాలి. చీటీల వరస ఇంకెవరికీ తెలియదు గనక ఆ పని అయ్యేదాకా గుమాస్తా ఉండొచ్చు. తర్వాత అక్కర్లేదు. శ్రమించినవారి జాబితాలో అతని పేరూ గుర్తూ తీసెయ్యాలి.

మెట్ల దగ్గర ప్రూఫులాయన వెనకనుంచి వచ్చాడు. "బావా, ఒక్కమాట విను. పదిహేనేళ్లుగా వేరేవాళ్ల తప్పులు దిద్దుతున్నా. ఉపసంపాదకుడు అని నా పేరు ఒక్కసారన్నా అచ్చులో చూసుకోవద్దా? నీ ఉద్యోగం ఎలాగూ..."

"బావా అనకు" అన్నాడు బొత్తాలు. "ఇందాక 'మీరు' అన్నావు చూడు, అదే బాగుంది."

నెల రోజులు పనిచేశాడు. కెటిల్ పక్క గదిలోనే ఉండేది గాని అటు వెళ్లలేదు. కింద సైకిళ్ల కొట్టువాళ్లు అతను దిగుతుంటే రేకుపలక మీద స్పానరుతో టంగుటంగుమని వాయించేవాళ్లు. లేని పలక ఒకటి అతని కోసమే పుట్టింది.

చివరి వారంలో రట్టు సొరుగు తీశాడు. తన ముత్యాల్లాంటి సాపు చీటీ తీసి పక్కన పెట్టి, కొత్త అట్ట మీద రాశాడు. రట్టు. గోల, నింద, గుట్టు బయటపడి పదిమంది నోళ్లలో పడటం. పుట్టుక: తెలియదు. పాత వాక్యాల చీటీలు వెనక ఎలాగూ ఉన్నాయి. నోటిమాట ఒకటి ఉంటే మంచిదని నియమం. కలం కాసేపు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రాశాడు.

"నా పేరు రట్టయితే ఆరు సంపుటాలూ రట్టవుతాయి. నీ పేరుకేముందయ్యా, అదెవరికి తెలుసు గనక?"

అన్నవారు: ప్రధాన సంపాదకులు. ఎక్కడ: వారి ఇంటి వరండాలో. తేదీ వేశాడు. విన్నవారు, రాసినవారు: సున్నాలో బొ. ఒక్క అక్షరం కల్పించలేదు. ఒక్క మాట వదల్లేదు. దాన్ని అచ్చుకెళ్లే కట్టలో, రజ్జువుకూ రణానికీ మధ్య పెట్టాడు.

అచ్చు కూర్చేవాళ్లు కూర్చారు. నియమం ప్రకారం పేర్లు పడలేదు, వాక్యం కింద "వాడుక" అని పడింది. ప్రూఫు, చీటీల కట్టతో సహా పక్క గదికి వచ్చింది. ప్రతి చీటీనీ అచ్చుతో పోల్చి చూడటమే ప్రూఫులాయన పని. తలుపు సందులోంచి బొత్తాలుకు కనపడుతోంది. ఆ చీటీ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. అన్నవారు ఎవరో చదివాడు. తలెత్తి వెనక గదివైపు చూశాడు. బొత్తాలు చూపు తిప్పుకోలేదు. కాసేపటికి ప్రూఫులాయన తల దించుకుని, చీటీ మీద సరిచూసినట్టు టిక్కు పెట్టి, తర్వాతి దానికి వెళ్లాడు. సిగ్గుతో పెట్టాడో, చెబితే తన నిర్వాకమూ బయటికొస్తుందని భయంతో పెట్టాడో బొత్తాలుకు తెలియదు. తెలుసుకోవాలనిపించలేదు.

ప్రూఫు ముందు గదికి వెళ్లింది. ప్రూఫు దగ్గరికొచ్చాక పెద్దాయన చీటీలు చూడడు, అచ్చే చూస్తాడు. పేజీ అడుగున సంతకం పెట్టబోతూ ఆగి, భూతద్దం దగ్గరికి జరుపుకున్నాడు. బొత్తాలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గుర్తుపడితే ఏమంటాడో ఎన్ని రాత్రుళ్లుగానో అనుకుంటున్నాడు. అరుస్తాడా, చింపేస్తాడా, కనీసం ఒక్కసారి తలెత్తి తన మొహంలోకి చూస్తాడా?

"పుట్టుక తెలియదంటావు, సరే" అన్నాడు పెద్దాయన పేజీలోంచి తలెత్తకుండానే. "ఈ వాడుక బాగుందయ్యా. ఎవరన్నారో గాని, జీవం ఉంది."

"అవునండీ" అన్నాడు బొత్తాలు.

పెద్దాయన పేజీ అడుగున సంతకం పెట్టాడు. ఆకుపచ్చ సిరాతో.

తన సొంత మాటను ఆయన గుర్తుపట్టలేదు. ఆ మాట ఆయనకు గుర్తుంచుకోవలసినంత పెద్దది కాదు. పత్రికలో "జాలిపడి" అన్న మాట కన్నా, ముందు గదిలో ప్రూఫులాయన "మీరు" అన్న మాట కన్నా, ఇదే బొత్తాలును ఎక్కువ కోసింది. ఇన్నాళ్లూ ఆయన తనకు అన్యాయం చేశాడనుకున్నాడు. చెయ్యడానికి కూడా అక్కడ ఒక మనిషి ఉన్నాడని ఆయన అనుకోలేదు.

మర్నాడు సాయంత్రం చీటీల కట్టను సొరుగులో సర్ది, మూసి, తాళాలు ముందు గది బల్ల మీద పెట్టాడు. సరిచూసిన ప్రూఫు పేజీలు అచ్చు నుంచి తిరిగొస్తే చించెయ్యడమే నియమం; అవి ఆ పొద్దున్నే తిరిగొచ్చాయి. పెద్దాయన మాట కింద పెద్దాయన సంతకమే ఉన్న ఆ ఒక్క పేజీ అతను అప్పుడూ చించలేదు. ఇంటికి తెచ్చుకున్నాడు.

వీధిలో దర్జీ యజమాని ఇప్పటికీ కొలతలు తీసుకోమంటావా అని అడుగుతూనే ఉంటాడు. బొత్తాలు భార్య మిషను పక్కన కూర్చుని కాజాలు కుడుతున్నాడు. ఆ పేజీ తెచ్చిన రోజు ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పల్చగా ఉంది, దారానికి పనికిరాదు" అంది.

"దారానికి కాదు" అన్నాడతను. "ఇలా ఇవ్వు."